విమానమెక్కిన సైకిలు

సైకిలు మీద విదేశాలు తిరిగొచ్చానని చెప్పేవాణ్ణి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నువ్వు సైకిలెక్కావా, సైకిలు నిన్నెక్కిందా?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాణ్ణి సూరత్‌లో నేనింతవరకూ చూడలేదు. ఫొటోలు మాత్రం చూపిస్తారు. వెనక గాలిమర, ముందు సైకిలు, మధ్యన నల్ల కళ్ళద్దాల మనిషి. కింద రాత: పొగ లేని ప్రయాణం, భూమాతకు బరువు కాని ప్రయాణం. ఆ గాలిమర దాకా సైకిలు ఎలా చేరిందో ఫొటోలో పడదు. ఇంటి నుంచి ముంబై దాకా కారు నెత్తిన, ముంబై నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా విమానం కడుపులో, అక్కణ్ణుంచి రైలుపెట్టెలో గోడవారన. రైలు దిగాక మిగిలిన నాలుగడుగుల దూరంలో మాత్రం మనవాడి కాళ్ళు కష్టపడ్డాయి. ఆ కష్టానికే ఇంత రాత.

మనవాడంటే ఫలానా మనిషని కాదు. ఇదొక జాతి. ఈ జాతిలో వజ్రాల వ్యాపారులున్నారు, రింగ్ రోడ్డు చీరల సేఠ్‌లున్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నేను తెలుగులో రాస్తున్నాను కాబట్టి తెలుగువాడి వీపే నాకు దగ్గర. మిగతావాళ్ళ సంగతి వాళ్ళ పత్రికలు చూసుకుంటాయి. మనవాడి తండ్రి ఒకప్పుడు వరంగల్ వైపు నుంచో, కరీంనగర్ వైపు నుంచో బతుకుతెరువు వెతుక్కుంటూ నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్ వచ్చి లింబాయత్‌లో కుదురుకున్నవాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీ, పగటి పాళీ చేసినవాడు. కార్ఖానాకు సైకిలు మీద పోయిరావడం వల్ల మిగిలిన ఆటో డబ్బులు కూడబెట్టినవాడు. ఆ డబ్బుతో చదువుకుని పైకొచ్చిన కొడుకు, మూడు లక్షలు పోసి సైకిలు కొని, దాన్ని విమానమెక్కించాడు. తండ్రిని మాత్రం ఇంకా ఎక్కించలేదు. ఆయనకు మోకాళ్ళ నొప్పులట.

సైకిలు మీద దేశాలు తిరగడం గొప్పే, కాదనేవాడెవడు? 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద బయల్దేరారు. దారిలో కొందరు విరమించుకోగా ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తం భూమ్‌గరా అనే ముగ్గురు భూగోళం చుట్టి 1928 మార్చిలో ఊరు చేరారు. నలభై నాలుగు వేల మైళ్ళు. ఇరాన్, ఇరాక్ దాటుకుని యూరప్‌లోకి పోయారు. సముద్రం అడ్డొచ్చిన చోట ఓడెక్కారు, నీళ్ళ మీద చక్రం తిరగదు గనక. నేల ఉన్నచోట తొక్కారు. అర్ధశతాబ్దం గడిచాక, 1977లో, ఒడిశా చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా స్వీడన్‌లో ఉన్న భార్యను చేరుకోవడానికి ఢిల్లీలో ఒక పాత సైకిలు కొన్నాడు. అఫ్గానిస్తాన్, ఇరాన్, టర్కీల మీదుగా నెలల తరబడి ప్రయాణం చేసి ఆమెను కలుసుకున్నాడు. ఇద్దరూ ఇప్పటికీ కలిసే ఉన్నారు.

మహానందియా విమానం టికెట్టుకు డబ్బుల్లేక సైకిలెక్కాడు. మనవాడి దగ్గర తన టికెట్టుకే కాదు, సైకిలు టికెట్టుకు కూడా డబ్బుంది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టి ‘సైకిలు యాత్రికులు’ అని శాలువా కప్పే సభలు మన ఊళ్ళో జరుగుతాయి. కప్పేవాళ్ళకు చెప్పి లాభం లేదు, శాలువాలు ఇక్కడే నేస్తారు, ఎన్నైనా దొరుకుతాయి.

ఇక అసలు కథ. విమానంలో సైకిలు పోవాలంటే ముందు అది సైకిలుగా ఉండకూడదు. పెడళ్ళు ఊడదీయాలి. హ్యాండిలు పక్కకు తిప్పి చట్రానికి కట్టెయ్యాలి. సీటు కడ్డీని లోపలికి దింపాలి, ముందు చక్రం తీసెయ్యాలి. వెనక గేర్లు మార్చే చిన్న చేయి ఒకటి వేలాడుతుంటుంది, దాన్ని విప్పి గుడ్డలో చుట్టకపోతే దించేటప్పుడు వంగిపోతుంది. అది వంగిందా, ఆమ్‌స్టర్‌డామ్‌లో మనవాడు పరాయి దేశపు మెకానిక్కు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. డిస్కు బ్రేకుల పళ్ళేలు అట్టముక్కల మధ్య పెట్టాలి. ముందు చక్రం తీసిన చోట ఫోర్కు రెండు కొసలూ దగ్గరికి నొక్కుకుపోకుండా ప్లాస్టిక్ ముక్క బిగించాలి. ఇదంతా ఒక పూట పని. ఆ పూట మనవాడు పానా పట్టుకున్న ఫొటో ఒకటుంటుంది. పని చేసింది మాత్రం సైకిలు షాపు కుర్రాడు.

ఆ తర్వాత టైర్లలో గాలి తీస్తారు. తీయకపోతే ఆకాశంలో టైరు పేలి విమానం కూలుతుందని మనవాడి గట్టి నమ్మకం. చాలా విమాన సంస్థలవాళ్ళూ గాలి తీయమనే అంటారు, కాబట్టి తీయక తప్పదు. నమ్మకం మాత్రం ఉత్తదే. ప్రయాణికుల విమానాల్లో సామాన్ల అరకూ, మనుషులు కూర్చునే గదికీ గాలి ఒత్తిడి ఒకటే. మన చెవులు దిబ్బడేసినంత మార్పే టైరుకూ తగులుతుంది. ఒకవేళ బయట గాలన్నదే లేకుండా పోయిందనుకున్నా, టైరు మీద అదనంగా పడేది చదరపు అంగుళానికి పదిహేను పౌన్ల లోపు. రోడ్డు సైకిలు టైరు వంద పౌన్ల గాలిని రోజూ భరిస్తూనే ఉంటుంది. టైరు పేలుతుందని వణికే ఈ మనిషి, పక్క జేబులో తన ఫోను బ్యాటరీలు మూడు వేసుకుని నిశ్చింతగా తిరుగుతాడు. నిజంగా నిప్పంటుకునే గుణం ఉన్నది వాటికి. కరెంటు సైకిళ్ళ బ్యాటరీలను విమానంలోకి రానివ్వనిది అందుకే. వంద వాట్ అవర్ల దాకా మామూలుగా ఒప్పుకుంటారు, నూట అరవై దాకా ముందుగా అనుమతి తీసుకుంటే ఒప్పుకుంటారు. కరెంటు సైకిలుకుండే బ్యాటరీ సాధారణంగా నాలుగైదు వందలుంటుంది. ఆ సంగతి విమానాశ్రయంలో తెలుసుకుని, బ్యాటరీని డ్రైవరు చేతిలో పెట్టి, ఒట్టి ఇనుమును విదేశం మోసుకుపోయిన మహానుభావులున్నారు.

పెట్టె కట్టడంలో మాత్రం సూరత్‌ను మించిన ఊరు లేదు. దేశంలోని ప్రతి సందులోకీ చీరల మూటలు పంపే ఊరిది. గోనెపట్టా పరిచి, దబ్బనంతో పురికొస దూర్చి హమాలీ కుట్టాడంటే ఆ మూటను గౌహతిలో విప్పడానికి కత్తి కావాలి. అలాంటి హమాలీకి మూడు లక్షల సైకిలు పెట్టెను అప్పగించారనుకోండి, అతను అడిగే మొదటి ప్రశ్న: ‘‘సేఠ్, ఇది చెడిపోయిందా?’’ చెడిపోలేదనీ, తొక్కడానికే తీసుకుపోతున్నాననీ చెబితే రెండో ప్రశ్న: ‘‘మరి తొక్కుకుంటూ పోవచ్చుగా?’’ ఆ రెండో ప్రశ్నకు ఇంతవరకూ శాలువా దొరకలేదు.

పెట్టె తయారైంది. మామూలు సామాను పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదంటారు. సైకిలు పెట్టె పొడవొక్కటే అందులో ముప్పాతిక తినేస్తుంది. బరువు ఇరవై మూడు కిలోలు దాటితే ఒక రేటు, ముప్ఫై రెండు దాటితే అసలు తీసుకోరు. అందుకని మనవాడు కౌంటరు ముందు పెట్టె విప్పుతాడు. బరువు తగ్గించడం కోసం సైకిలు బూట్లు కాళ్ళకు తొడుక్కుంటాడు, హెల్మెట్ నెత్తిన పెట్టుకుంటాడు, తాళం గొలుసు మెళ్ళో వేసుకుంటాడు. పానాలు చేతిసంచిలోకి మారుస్తాడు. భద్రతా తనిఖీలో వాటిని తీసి పక్కన పడేస్తారు. భూమాతకు బరువు తగ్గించే యాత్రలో మొట్టమొదట తగ్గిన బరువు ఆ పానాలే.

కస్టమ్స్ ముచ్చట ఒకటుంది. ఖరీదైన వస్తువు పట్టుకుపోయేవాడు పోయేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు, ఈ సైకిలు అక్కడ కొన్నది కాదు, నాదే, ఇక్కణ్ణుంచే తీసుకుపోయానని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ పట్టుమని పది రోజులు తొక్కని సైకిలు మీద అంత హక్కు నిరూపించడం ఏ వకీలుకైనా కష్టమే.

రైలు సంగతికొద్దాం. సూరత్ నుంచి ముంబైకి రెండు వందల అరవై కిలోమీటర్ల పైమాట. రోజూ డజన్ల కొద్దీ రైళ్ళు. పర్యావరణ ప్రేమికుడు రైల్లోనే పోవాలి కదా? పోడు. తప్పంతా అతనిదని నేననను. మన రైల్వే నియమాల్లో బోగీలోకి తీసుకుపోనిచ్చే పెట్టె కొలతలు వంద, అరవై, ఇరవై ఐదు సెంటీమీటర్లు. సైకిలు పెట్టె దీనికి పట్టదు. బ్రేక్‌వ్యానులో వేయాలి. స్లీపరు ప్రయాణికుడికి నలభై కిలోల సామాను ఉచితం, ఏసీ మొదటి తరగతికి డెబ్భై. కానీ స్కూటర్లకూ సైకిళ్ళకూ ఆ ఉచితం వర్తించదు. పదిహేను కిలోల సైకిలును నలభై కిలోలుగా లెక్కగట్టి వసూలు చేస్తారు. మిగతా ఇరవై ఐదు కిలోలు ఏమిటని అడక్కండి, గుమాస్తా మీ వంక చూసే చూపు బరువు అది. బండి కదలడానికి అరగంట ముందే పార్సెల్ ఆఫీసుకు అప్పగించాలి. ఇక వందే భారత్‌లో బ్రేక్‌వ్యానే లేదు. దేశం గర్వించే రైలుకు సైకిలు పెట్టే చోటు లేదు, సైకిలు పెట్టే చోటున్న రైలును దేశం పెద్దగా గర్వంగా చెప్పుకోదు.

దాంతో మనవాడు కారు తీస్తాడు. ఏడుగురు కూర్చునే కారులో ఒక మనిషి, ఒక డ్రైవరు, ఒక పెట్టె. జాతీయ రహదారి 48 మీద వాపి దగ్గరా, మనోర్ దగ్గరా లారీల వెనక ఆగుతూ ముంబై చేరేసరికి పూట గడిచిపోతుంది. డ్రైవరు ఖాళీ కారుతో వెనక్కి వస్తాడు. యాత్ర ముగిశాక మళ్ళీ ఖాళీ కారుతో ముంబై పోయి ఇద్దర్నీ తెస్తాడు. ఆ డీజిలు లెక్కకు ముంబై–ఆమ్‌స్టర్‌డామ్ రానుపోను విమానం కలపండి. ఒక్క మనిషి వాటాకు టన్నుకు అటూ ఇటూగా కర్బన వాయువు గాల్లోకి పోతుంది. హాలండ్‌లో వారం రోజులు సైకిలు తొక్కి దీన్ని పూడ్చానని చెప్పేవాడు లెక్కల మాస్టారి కంటబడకుండా ఉంటే మంచిది.

ముంబై దాకా ఎందుకు, మన సూరత్ విమానాశ్రయమే ఇప్పుడు అంతర్జాతీయం. 2019లో షార్జా విమానంతో విదేశీ రాకపోకలు మొదలయ్యాయి. 2023 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం అంతర్జాతీయ హోదా ఇచ్చింది. అదే నెల 17న ప్రధాని కొత్త టెర్మినల్‌నూ, అదే రోజు వజ్రాల బోర్స్‌నూ ప్రారంభించారు. ఏడాది తిరిగేసరికి బ్యాంకాక్‌కు నేరుగా పోయే విమానం వచ్చింది. మద్య నిషేధమున్న రాష్ట్రం నుంచి బయల్దేరిన ఆ తొలి విమానంలో మందు చుక్క మిగల్లేదని దేశమంతా చెప్పుకుంది. నిజానిజాలు సీసాలకే తెలియాలి.

ఆ బ్యాంకాక్‌లో సువర్ణభూమి విమానాశ్రయం చుట్టూ ఒక సైకిలు బాట ఉంది. ఇరవై మూడున్నర కిలోమీటర్లు, నున్నగా, కారన్నది కనబడకుండా. చాలా మంచి బాట. అక్కడే సైకిళ్ళు అద్దెకిస్తారు. అయినా మనవాడు సొంత సైకిలు పట్టుకుపోతాడు. ఏం చేస్తాడయ్యా అంటే, విమానంలో విమానాశ్రయానికి చేరి, విమానాశ్రయం చుట్టూ సైకిలు తొక్కి, అదే విమానాశ్రయంలో విమానమెక్కి తిరిగొస్తాడు. దుబాయి పోయేవాడికి అల్ ఖుద్రా ఎడారిలో ఎనభై కిలోమీటర్లకు పైబడిన బాట ఉంది. అక్కడా అద్దె సైకిళ్ళున్నాయి. విదేశం చూడ్డానికి పోయి విదేశీయుడన్నవాడు ఎదురుపడని కంచెల మధ్య తిరిగి రావడం సైకిలు యాత్ర అయితే, సర్కస్‌లో మృత్యుకూపంలో మోటారుసైకిలు తిప్పేవాడు ప్రపంచ యాత్రికుడు.

హాలండ్‌కు సైకిలు మోసుకుపోవడమంటే సూరత్‌కు చీరల మూట నెత్తిన పెట్టుకుని రావడమే. అక్కడ మనుషుల కంటే సైకిళ్ళు ఎక్కువ. ఉట్రెక్ట్ రైల్వేస్టేషన్ కింద పన్నెండున్నర వేల సైకిళ్ళు పట్టే మూడంతస్తుల స్టాండు ఉంది, ప్రపంచంలో అంతకంటే పెద్దది లేదని కట్టినప్పుడు చెప్పుకున్నారు. మనవాడు ఆ స్టాండు ముందు నిలబడి ఫొటో దిగుతాడు గానీ ఆ స్టాండు ఎందుకుందో ఆలోచించడు. హాలండ్‌వాడు సైకిలును రైల్లో మోయడు. ఇంటి నుంచి స్టేషన్ దాకా తొక్కి, స్టాండులో పెట్టి, రైలెక్కుతాడు. దిగిన ఊళ్ళో అద్దె సైకిలు తీసుకుంటాడు, లేదా అక్కడొక పాత డొక్కు సైకిలు ఉంచుకుంటాడు. మామూలు సైకిలును రైల్లో పెట్టాలంటే దానికి వేరే టికెట్టు కొనాలి. పనిరోజుల్లో పొద్దున్నా సాయంత్రమూ రద్దీ వేళల్లో టికెట్టున్నా ఎక్కనివ్వరు. సైకిలంటే ప్రాణం పెట్టే దేశంలో కూడా రైల్లో మనిషికే మొదటి పీట.

పొరుగున జర్మనీ కొత్త ఐసీఈ రైళ్ళలో మొత్తం బండికి ఎనిమిది సైకిళ్ళకు చోటిస్తారు, ముందే రిజర్వు చేసుకోవాలి. ఐరోపా సమాఖ్య 2021లో చేసిన నిబంధన కొత్త రైళ్ళలో కనీసం నాలుగు సైకిళ్ళకు చోటుండాలంటుంది. ఆ నాలుగు కొక్కేల కోసం అక్కడి సైకిలు సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడాయి. జపాన్‌లో సైకిలును విడగొట్టి, ఒక్క అంగుళం బయటికి కనబడకుండా సంచిలో కట్టుకుని వస్తే డబ్బు తీసుకోకుండా రైలెక్కనిస్తారు. ఎక్కడ చూసినా తేలేది ఒకటే. సైకిలు దగ్గర దూరాల బండి. దాన్ని దూరాలు మోసుకుపోవాలనుకున్నవాడికి లోకమంతటా పెట్టె, పట్టీ, పెనాల్టీ తప్పవు.

మనవాడి వాదనలు నాకు తెలుసు. ‘‘నా సైకిలు నా ఒంటి కొలతలకు చేయించాను, వేరేది తొక్కితే నడుం పడుతుంది’’ అంటాడు. సరే. సీటు ఎత్తు, హ్యాండిలు దూరం కాగితం మీద రాసుకుపోతే అద్దె దుకాణంవాడు పది నిమిషాల్లో సరిచేసి ఇస్తాడు. కాదు, సీటే కావాలంటావా, సీటొక్కటీ విప్పి సంచిలో వేసుకో. ‘‘ఆరోగ్యం’’ అంటాడు. సూరత్‌లో నాలుగో అంతస్తుకు లిఫ్టెక్కే మనిషికి ఆరోగ్యం ఆల్ప్స్ కొండల మీదే దొరుకుతుందా? ‘‘నన్ను చూసి నలుగురు నేర్చుకుంటారు’’ అన్నది అన్నిటికంటే పెద్ద వాదన. నేర్చుకున్నారు. ఇప్పుడు అతని హౌసింగ్ సొసైటీలో మరో నలుగురు సైకిలు పెట్టెలు కొన్నారు. సైకిళ్ళు కాదు, పెట్టెలు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. దిగిన చోటు నుంచి నెలల తరబడి ఊళ్ళూ దేశాలూ దాటుకుంటూ నిజంగా తొక్కేవాళ్ళున్నారు. వాళ్ళకు తమ సైకిలే కావాలి, విమానంలో వేసుకుపోయినా నాకు అభ్యంతరం లేదు. వాళ్ళు పెద్దగా ఫొటోలు పెట్టరు, పెట్టినా మురికి బట్టల్లో ఉంటారు. వాళ్ళు ఈ వ్యాసం చదవడం ఆపి గొలుసుకు నూనె వేసుకోవచ్చు.

నా గొడవ వేరు. కేంద్ర ప్రభుత్వం 2020లో నగరాల మధ్య సైకిళ్ళ పోటీ పెట్టింది. మరుసటి ఏడాది పదకొండు నగరాలను మేటి సైకిలు నగరాలని ఎంపిక చేశారు. ఆ పదకొండులో సూరత్ ఉంది, వరంగల్ ఉంది. అంటే మనవాడి తండ్రి వదిలొచ్చిన ఊరూ మేటిదే, చేరిన ఊరూ మేటిదే. రెండు ఊళ్ళ మధ్యా ఆయన సైకిలు మాత్రం నవజీవన్ బ్రేక్‌వ్యానులో గోనె కప్పుకుని నలభై కిలోల లెక్కన పోవాలి. పండక్కి ఊరికి పోతూ, ఇక్కడ పాతబడ్డ సైకిలును అక్కడి తమ్ముడి కొడుక్కి ఇద్దామని పట్టుకుపోయే నేతపనివాడు పార్సెల్ ఆఫీసు ముందు ఎండలో కూర్చుంటాడు. అతని సైకిలు మీద ఎవరూ కవిత్వం రాయలేదు. అతనికి కర్బన వాయువు సంగతి తెలియదు. అతనొక్కడు ఏడాది పొడుగునా విడిచిన వాయువు మనవాడి ఒక్క యాత్రలో సగానికి రాదని నా అనుమానం.

పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి పాళీ మారే వేళ ఉధనా, లింబాయత్, పాండేసరా రోడ్ల పక్కన నిలబడి చూడండి. సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి. హ్యాండిలుకు టిఫిన్ డబ్బా, వెనక సీటు మీద మరో మనిషి. పన్నెండు గంటలు సాంచాల మోత విని, చెవులు పనిచేయక, వెనక వచ్చే టెంపో హారను వినబడని మనుషులు వాళ్ళు. వాళ్ళల్లో ఒరియావాళ్ళున్నారు, బిహారీలు, మరాఠీలున్నారు, మన పద్మశాలీలున్నారు. మనవాళ్ళ పిల్లల కోసమే సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుంది. గుజరాత్ ప్రభుత్వం పేదింటి ఆడపిల్లలకు తొమ్మిదో తరగతిలో ఉచితంగా సైకిళ్ళిస్తుంది. ఆ పిల్లలు బడికి పోయే దారిలో సైకిలు పక్కగా పోవడానికి ఒక గజం చోటు లేదు. ఉన్న గజంలో కార్లు నిలబెడతారు. ఆ కార్లలో ఒకదాని నెత్తిన సైకిలు కట్టుకునే కడ్డీలుంటాయి.

2020 లాక్‌డౌన్‌లో పదిహేనేళ్ళ బిహారీ పిల్ల ఒకతె గాయపడ్డ తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు సైకిలు తొక్కింది. దేశం చప్పట్లు కొట్టింది. సైకిలు క్రీడా సమాఖ్య పరీక్షకు రమ్మంది. రైలు దొరక్క తొక్కిన పిల్లకు రైలు ఇవ్వకుండా పతకం ఇద్దామనుకున్నారు. అదే ఏడాది జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ సైకిళ్ళ కంపెనీ సాహిబాబాద్ కార్ఖానా గేటుకు పని ఆపేసినట్టు నోటీసు అంటించింది. మనవాడు ఆ రోజు సైకిలు దినోత్సవ శుభాకాంక్షలు పంపాడు. గాలిమర ఫొటోతోనే.

తెలుగువాళ్ళకు సైకిలు అంటే ముందు గుర్తొచ్చేది ఎన్నికల గుర్తు. అది ఓటేసిన మర్నాడు మర్చిపోవచ్చు. కానీ సూరత్‌లో ఉన్న తెలుగువాడికి సైకిలు అన్నం. అన్నం తిన్న కంచంలోనే ఆటలాడితే ఇంట్లో పెద్దలు ఒక్కటిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ పెద్దలు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు, చెయ్యి లేవదు. అందుకని నేను కలం ఎత్తాల్సి వచ్చింది.

అయ్యా సైకిలు వీరులారా, మీరు మళ్ళీ పోండి. పెట్టె కట్టడానికి మంచి హమాలీని నేనే చూపిస్తాను. పోయేముందు ఒక్క పని చేసిపెట్టండి. మీ మాట నగరపాలక సంస్థలో చెల్లుతుంది, రైల్వే డివిజన్ అధికారి మీ ఫోను ఎత్తుతాడు. ఉధనా స్టేషన్ బయట పాళీ మనుషుల సైకిళ్ళకు నీడ పడే స్టాండు ఒకటి కావాలనీ, ప్రయాణికుడితో పాటు వచ్చే సైకిలుకు నలభై కిలోల లెక్క ఎత్తేసి ఉన్న బరువుకే డబ్బు తీసుకోవాలనీ ఒక అర్జీ రాశాను. తెలుగులో రాస్తే చదవరన్నారు, గుజరాతీలోకి మార్పించాను. కింద మీ సంతకాల కోసం చోటు వదిలాను. సాంచాల దగ్గరి సంతకాలు ఇప్పటికే ఉన్నాయి, వేలిముద్రలతో సహా.